మెట్లు చూసుకో, మేవిస్!

లండన్,
20 సెప్టెంబర్ 1971

ఎనిడ్ అక్కకి,

బావున్నావా? గోర్డన్ బావ పావురాలు ఈసారైనా పందెం గెలిచాయా, లేక మళ్ళీ ఎవరి కప్పు మీదో వాలి నిద్రపోయాయా? పాప సూసన్‌కి నా ముద్దులు.

ఇదిగో, కాస్త కూర్చుని చదువు. ఈ గురువారం రాత్రి ఎనిమిదింటికి మీ తమ్ముడి హాస్యనాటిక టీవీలో మొదలవుతోంది. వరసగా ఆరు గురువారాలు. పేరు "మెట్లు చూసుకో, మేవిస్!" ప్రతి మాటా నేను రాసిందే. హెక్టర్ అనే బొగ్గుగని కార్మికుడు, అతని పెళ్ళాం మేవిస్. ఆవిడ ఎదురు చెప్పినప్పుడల్లా హెక్టర్ నేలమాళిగ తలుపు వైపు చూసి, "మెట్లు చూసుకో, మేవిస్!" అంటాడు. తర్వాతి దృశ్యంలో మేవిస్ కంటికో చేతికో కట్టు కట్టుకుని వస్తుంది. పక్కింటావిడ "మళ్ళీ పడ్డావా?" అంటుంది. అంతే, రికార్డింగుకి వచ్చిన జనం పొట్టలు పట్టుకున్నారు.

ఎక్కణ్ణించి వచ్చిందో నీకు వేరే చెప్పాలా? సౌత్‌పోర్ట్‌లో పెద్దమ్మ దగ్గర్నుంచి సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మకి ఎక్కడో ఒక కట్టు ఉండేది. బొగ్గు బకెట్టు పట్టుకుని నేలమాళిగ మెట్ల మీంచి పడటంలో అమ్మని మించినవాళ్ళు లేరు! నా కనుబొమ్మ మీద మచ్చ కూడా ఆ మెట్ల చలవే కదా. మొన్న పత్రికవాళ్ళు అడిగితే అది కూడా చెప్పాను. ఫోటోలో మచ్చ బాగా పడింది.

నాన్నకి చెప్పకు. ఊరి క్లబ్బులో అందరితో కూర్చుని చూసి ఆశ్చర్యపోవాలి. ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నారో దాచకుండా రాయి.

నీ గారాల తమ్ముడు,
లెన్


హాక్స్‌బ్రిడ్జ్,
25 సెప్టెంబర్

లెన్,

పాపకి తట్టు వచ్చింది. ఒళ్ళంతా ఎర్రగా పొక్కి రాత్రంతా ఏడుపు. కాబట్టి చేతిరాత ఇలాగే ఉంటుంది, సర్దుకో.

చూశాం. క్లబ్బులో బింగో ఆట కూడా ఆపేసి అందరూ టీవీ ముందు చేరారు. మగవాళ్ళు బల్లలు చరిచి నవ్వారు. ఎవరో "ఒరేయ్ ఎర్నీ, ఇది నువ్వేరా!" అని అరిచారు. నాన్న ముందు మొహం గంటు పెట్టుకున్నాడు గానీ, అందరూ వీపు మీద తట్టి బీరు పోయించేసరికి పెళ్ళికొడుకైపోయాడు. లేచి నిలబడి, అమ్మ వైపు చూసి, "మెట్లు చూసుకో, నెల్లీ!" అన్నాడు. ఇంకోసారి, ఇంకోసారి అని అడిగి మరీ అనిపించుకున్నారు.

ఆడవాళ్ళ బల్లల దగ్గర మాత్రం ఒక్కరి పన్ను కూడా బయటపడలేదు. రొట్టెల కొట్టు ఆగీ బర్టన్‌షా అల్లిక సంచిలో కుక్కేసి మధ్యలోనే లేచిపోయింది. అమ్మ నవ్విందా అని అడుగుతావని తెలుసు. నవ్వింది. ముందు నాన్న వైపు చూసింది, ఆయన నవ్వాడని రూఢి చేసుకుని అప్పుడు నవ్వింది.

ఒక్క మాట చెబుతాను, చెవిన వేసుకో. ఆ మెట్ల గొడవ తీసేయ్. మిగతాదంతా నీ ఇష్టం. హెక్టర్ సాక్సులు, మీట్ పై, మామగారి కట్టుడు పళ్ళు, ఏమైనా పెట్టుకో. మెట్లు వద్దు. ఎందుకని అడగకు. నీకు చెప్పనని అమ్మకి మాటిచ్చాను. నువ్వు నీ అంతట నువ్వు అర్థం చేసుకునేంత పెద్దవాడివే కదా.

ఎనిడ్


లండన్,
29 సెప్టెంబర్

అక్కా,

పాపకి తట్టు తగ్గిందా? చీకటి గదిలో పడుకోబెట్టు, కళ్ళకి మంచిది.

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది, తిట్టుకోకు. ఊరి పరువు పోయిందని ఆడవాళ్ళు ముక్కులు చిట్లించుకున్నారు, అంతేగా? మన యాస మీద, మన వంటిళ్ళ మీద లండన్‌వాళ్ళు నవ్వుతున్నారని కోపం. నేనూ ఆ ఊరివాణ్ణే కదే! ప్రేమ లేకపోతే రాస్తానా?

దేశమంతా ఇలాగే రెండుగా చీలింది. రోజూ గోనెసంచెడు ఉత్తరాలు. బోర్న్‌మత్ నుంచి ఓ రిటైరైన మేజర్ "యుద్ధం తర్వాత ఇంతగా నవ్వలేదు" అని రాశాడు. ఒక పాస్టరుగారు "ఈ చెత్తని ఆపండి" అన్నాడు. సందర్లండ్ నుంచి ఎవరో ఒకావిడ, తన పేరు, ఊరి పేరు తప్ప అడ్రసు కూడా లేకుండా రెండే వాక్యాలు రాసింది. "మా ఇంట్లో మెట్లు లేవు. అయినా నేను పడుతూనే ఉంటాను." ఎంత చమత్కారమో చూడు! ఆఫీసులో అందరం పడి పడి నవ్వి, గోడకి గుచ్చి పెట్టాం.

మన ఊరివాళ్ళ అలక తీర్చే మార్గం ఆలోచించాను. ఆఖరి భాగం రికార్డింగు అక్టోబర్ 17 ఆదివారం. క్లబ్బు సెక్రటరీకి నలభై టిక్కెట్లు పంపాను. ఈ ఏడు బస్సు ట్రిప్పు బ్లాక్‌పూల్ దీపాల సంబరానికి బదులు లండన్‌కి వేయమన్నాను. నాన్నకి ముందు వరసలో సీటు. అమ్మకి పక్కనే.

ఎప్పుడెప్పుడు చూస్తానా అని ఎదురుచూస్తూ,
లెన్


హాక్స్‌బ్రిడ్జ్,
2 అక్టోబర్

ఒరేయ్ లెన్,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఊరి పరువట, యాసట! ఉత్తరం చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

మొన్న గురువారం రెండో భాగం అయ్యాక క్లబ్బు కమిటీ కూర్చుంది. బ్లాక్‌పూలా, లండనా? ఆగీ వాళ్ళ అన్నయ్య ఏమస్ లేచి, "నవ్వేవాళ్ళు వెళ్ళండి. నేను రాను. మా చెల్లెలి దవడ ఎలా విరిగిందో నాకు తెలుసు. దాని మొగుణ్ణి పాతిపెట్టిన రోజు నేను కన్నీరు పెట్టలేదు" అన్నాడు. నాన్న చేతిలో గ్లాసు నిండుగా ఉంది. అలాగే విసిరాడు. ఏమస్ చెవి చీలి రక్తం చొక్కా అంతా పారింది. ఆ వెంటనే కుర్చీలు లేచాయి. నీ నాటిక ఇష్టమైనవాళ్ళు ఒక పక్క, ఇష్టంలేనివాళ్ళు ఇంకో పక్క. పియానో మూత విరిగింది, ముగ్గురి తలలు పగిలాయి. చివరికి లండనే నెగ్గింది.

ఇంటికెళ్ళాక నాన్న ఇంకా ఆ ఊపులోనే ఉన్నాడు. అమ్మ బూట్లు విప్పమంటే ఆలస్యం చేసిందట. "మెట్లు చూసుకో, నెల్లీ" అన్నాడట, అచ్చు నీ హెక్టర్ గొంతుతో. తర్వాత జుట్టు పట్టుకుని వంటింటి గోడకేసి కొట్టాడు. ఇదివరకు తిట్టి కొట్టేవాడు. ఇప్పుడు నువ్వు రాసిచ్చిన మాట చెప్పి కొడుతున్నాడు.

ఇక మాటా లేదు, మన్నూ లేదు. అన్నీ చెప్పేస్తున్నాను. అమ్మ మెట్ల మీంచి పడలేదు. ఏనాడూ పడలేదు. నీకు ఏడేళ్ళప్పుడు పాలగ్లాసు ఒలకబోశావని ఆయన నిన్ను పొయ్యి అంచుకేసి విసిరాడు. ఆ కనుబొమ్మ మచ్చ అది. పెద్దమ్మ నిన్ను సౌత్‌పోర్ట్ తీసుకెళ్ళింది నీ ఉబ్బసానికి సముద్రపు గాలి మంచిదని కాదు. నువ్వు బతకాలని. నన్ను తీసుకెళ్ళడానికి ఆవిడ ఇంట్లో ఇంకో మంచం లేదు. నేను ఇక్కడే ఉండి చూశాను.

ఇప్పుడైనా బుర్రకెక్కిందా? రాబోయే నాలుగు భాగాల్లోంచీ ఆ మాట పీకెయ్. అమ్మ ప్రాణం మీదికి వస్తోంది.

ఎనిడ్


లండన్,
6 అక్టోబర్

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. 

నువ్వు అబద్ధమాడుతున్నావని అనను. కానీ నాకు తెలిసిన నాన్న సెలవుల్లో నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఫుట్‌బాల్‌కి తీసుకెళ్ళినవాడు. రైలెక్కేటప్పుడు నా జేబులో పెప్పర్‌మింట్లు కుక్కినవాడు. అమ్మ కూడా సోమవారం నాకు రాసింది. "నీ నాటిక చాలా బాగుంది బాబూ, మీ నాన్న చాలా గర్వపడుతున్నారు" అని. మీ ఇద్దరిలో ఎవరి మాట నమ్మను? నీకూ నాన్నకీ చిన్నప్పట్నుంచీ పడదు. కోపంలో గోరంత కొండంత అయిందేమో అనిపిస్తోంది. తప్పయితే క్షమించు.

ఇంకోటి. మూడు భాగాలు రికార్డయిపోయి డబ్బాల్లో ఉన్నాయి. వాటిని నేను ముట్టుకోలేను. బస్సు డ్రైవర్ల దగ్గర్నుంచి పార్లమెంటు మెంబర్ల దాకా అందరూ ఆ మాటే అంటున్నారట. తీసేయమంటే నన్నే తీసేస్తారు.

మగాడు మగాడితో సూటిగా మాట్లాడటమే మంచిదని నాన్నకి ఈ పూటే ఉత్తరం వేశాను. "ఎనిడ్ ఇలా అంటోంది, అమ్మని మీరు కొడతారా, నిజం చెప్పండి" అని మర్యాదగానే అడిగాను. ఆయన జవాబు రానీ. అంతా తేలిపోతుంది.

లెన్


హాక్స్‌బ్రిడ్జ్,
9 అక్టోబర్

లెన్,

తేలిపోయింది.

నీ ఉత్తరం నిన్న పొద్దున పోస్టులో వచ్చింది. ఆయన ఉపాహారం బల్ల దగ్గర కూర్చుని అమ్మకి గట్టిగా చదివి వినిపించాడు. చదవడం అయ్యాక మడిచి జేబులో పెట్టుకుని, లేచి తలుపు గడియ వేశాడు.

మా పెరటి తలుపు ఎవరో గోకుతున్నట్టు చప్పుడైతే కుక్కేమో అనుకున్నాను. తీస్తే అమ్మ. ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, వానలో. కుడి చెయ్యి మోచేతి దగ్గర్నుంచి మరో వైపు తిరిగి వేలాడుతోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. "పాప లేస్తుంది, అరవకే" అంది నాతో.

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఎలా జరిగిందని అడిగితే అమ్మ అలవాటుగా "నేలమాళిగ మెట్లు" అంది. కట్టు కడుతున్న నర్సు, పాపం చిన్నపిల్ల, ఏ ద్వేషమూ లేదు, ఫక్కున నవ్వి "మెట్లు చూసుకో, మేవిస్!" అంది. గదిలో అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. తమ్ముడూ, ఆ నవ్వు నీకు వినిపించాలి. అదొక్కటే నా కోరిక.

గోర్డన్ సంగతి నీకు తెలుసు, పావురం గూట్లోంచి గుడ్డు తీయాలన్నా క్షమించమని అడిగే మనిషి. సాయంత్రం పనిబట్టలతోనే క్లబ్బుకెళ్ళి నాన్న ముక్కు పగలగొట్టాడు. నాన్న స్నేహితులు నలుగురు గోర్డన్‌ని పెరట్లోకి ఈడ్చుకెళ్ళి బూట్లతో తన్నారు. ముందు పళ్ళు రెండు రాలిపోయాయి, పక్కటెముక చిట్లింది. పాలల్లో నానబెట్టిన రొట్టె తింటున్నాడు.

వద్దన్నా అమ్మ రాత్రికి మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళింది. వెళ్ళకపోతే ఆయన ఇక్కడికి వస్తాడని భయం, పాప ఉంది కదా. లండన్ బస్సు కూడా ఎక్కుతుందట. కొత్త కోటు వేసుకుని, కట్టు కనపడకుండా పక్కనే కూర్చోవాలని ఆయన హుకుం. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. "లెన్‌ని చూసి రెండేళ్ళయిందే" అంది.

నేను రాలేను. గోర్డన్‌నీ పాపనీ ఎవరు చూస్తారు? ఇక నీదే భారం.


లండన్,
18 అక్టోబర్

అక్కా,

అమ్మ ఇక్కడ నా మంచం మీద నిద్రపోతోంది. ముందు ఆ మాట చెప్పాలి. మిగతాది వరసగా రాస్తాను.

నీ ఉత్తరం అందిన రోజే ఆ మాట కొట్టేశాను. నిర్మాత "అది తీసేస్తే ఇంకేముంది, కుండీలో మొక్క తీసి మట్టి అమ్ముతావా?" అన్నాడు. హెక్టర్ వేషం వేసే నటుడు "నువ్వు రాసినా రాయకపోయినా నేను అంటాను. జనం నా నోట్లోంచి అది వినడానికే వస్తారు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బస్సు దగ్గరికి వెళ్ళాను. నాన్న ముక్కు మీద ప్లాస్టరుతో దిగి నన్ను కౌగిలించుకున్నాడు. "ఏరా, మీ అక్క చెప్పే కథలన్నీ నమ్ముతున్నావా?" అని నవ్వాడు. వెనకాల అమ్మ. కోటు కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. ఎడమ చేత్తో నా టై సరిచేసి "ఏమన్నా తిన్నావా?" అంది.  పైన రికార్డింగు నడిపే అద్దాల గదిలోకి పారిపోయాను.

రికార్డింగు మొదలైంది. హెక్టర్ తలుపు వైపు చూసి ఆ మాట అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. మన ఊరి ఆడవాళ్ళు రెండు వరసల్లో కూర్చున్నారు, ఒళ్ళో చేతిసంచులు, సంచుల మీద చేతులు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వు సరిపోకపోతే మళ్ళీ తీస్తారు, నీకు తెలుసుగా. జనాన్ని నవ్వించే మనిషి మైకు పట్టుకుని వచ్చి, "అమ్మలూ, పళ్ళు బస్సులో మరిచిపోయారా?" అన్నాడు. మళ్ళీ తీశారు. ఈసారి మగవాళ్ళ నవ్వు కూడా పల్చబడింది. ఇంకోసారి తీశారు. ఎవరో దగ్గారు, అంతే.

అప్పుడు ఆ మైకు మనిషి, "అసలు హెక్టర్ మన మధ్యే ఉన్నారు!" అని నాన్న మీదికి దీపం తిప్పించాడు. నాన్న లేచి చేతులూపి, అమ్మ వైపు తిరిగి, "మెట్లు చూసుకో, నెల్లీ!" అన్నాడు.

అమ్మ లేచింది. గొంతు పెంచలేదు. పైన వేలాడే మైకుల వల్ల నాకు పక్కన నిలబడి చెప్పినట్టే వినిపించింది.

"ముప్ఫై ఏళ్ళుగా ఆ మెట్ల మీద బొగ్గు మోశాను. దీపం లేదు. రెండు చేతుల్లో రెండు బకెట్లు. ఒక్కసారి కూడా అడుగు తప్పలేదు."

నాన్న కొట్టాడు. అంత వెలుగులో, అంతమంది ముందు, అలవాటైన చెయ్యి అలవాటుగా లేచింది. నోటి మీద కొట్టాడు. అమ్మ కుర్చీల మధ్య పడింది. ఆ చప్పుడు కూడా మైకుల్లోంచి నా చెవుల్లోకి వచ్చింది.

మొదట లేచింది ఆగీ. చేతిసంచిలో ఏం పెట్టుకొచ్చిందో గానీ నాన్న నెత్తి మీద పడగానే రక్తం చిమ్మింది. తర్వాత రెండు వరసలూ ఒక్కసారి లేచాయి. గొడుగులు, బూట్ల మడమలు, గోళ్ళు. ఒక్కరూ అరవలేదు, తిట్టలేదు, కొడుతూనే ఉన్నారు. మగవాళ్ళలో ఒక్కడూ అడ్డం రాలేదు. నేను కిందికి పరుగెత్తేసరికి ఆయన నేల మీద పాకుతున్నాడు. నేను కూడా కొట్టాను అక్కా. కాలర్ పట్టి లేపి మొహం మీద గుద్దాను. మళ్ళీ గుద్దాను. ఇంకోసారి లేచిన నా పిడికిలిని చూస్తే అది అచ్చం ఆయన పిడికిలిలా ఉంది. అమ్మ నెత్తురు కారుతున్న నోటితో వచ్చి ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు వద్దు. నువ్వు కాదు" అంది.

ఇవాళ ఆఫీసుకెళ్ళి రాజీనామా ఇచ్చాను. గోడ మీద నుంచి సందర్లండ్ ఉత్తరం తీసి తెచ్చుకున్నాను. ఆవిడకి జవాబు రాయాలి. అడ్రసు లేదు.

నీ మాట నమ్మనందుకు ఏ మొహం పెట్టుకుని క్షమించమంటాను? బుధవారం రైల్లో అమ్మని నీ దగ్గరికి తెస్తున్నాను. ఆ ఇంటికి కాదు.

నీ తమ్ముడు


హాక్స్‌బ్రిడ్జ్,
6 నవంబర్

తమ్ముడూ,

క్షమాపణలు చాలించి ఒంటికి పట్టేలా ఏమన్నా తిను. నువ్వొచ్చి వెళ్ళినప్పుడు ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నావు. గోర్డన్‌కి కట్టుడు పళ్ళు వచ్చాయి, గుర్రంలా ఉన్నాడు. పాప అమ్మమ్మ గదిలోంచి కదలడం లేదు. అమ్మ ఎడమ చేత్తో అల్లిక నేర్చుకుంటోంది.

పోయిన గురువారం ముందటి గురువారం ఆఖరి భాగం వేశారు. వద్దంటే వినకుండా అమ్మే టీవీ పెట్టింది. జరిగిందంతా కోసేశారు. హెక్టర్ ఆ మాట అనగానే హాలంతా పగలబడి నవ్వింది. పాత భాగాల్లోంచి తెచ్చి అతికించారన్నమాట. అమ్మ చూసి, "అది మేము కాదు. మేము నవ్వలేదు" అంది. ఇంతలో ఆగీ తలుపు తట్టింది, వెనకే ఇంకో నలుగురు. అందరిదీ అదే మాట. మర్నాడు పత్రికలో మళ్ళీ సగంమంది ఆహా అని, సగంమంది ఛీ అని రాశారు. మా గురించి ఒక్కరికీ తెలియదు.

ఇక ఆ మనిషి సంగతి. లండన్ నుంచి వచ్చాక ఆ ఇంట్లో ఒంటరిగానే ఉన్నాడు. మంగళవారం బాగా చలి. బొగ్గు తెచ్చేవాళ్ళు లేరు. ఆ ఇల్లు కట్టుకున్నాక మొదటిసారి బకెట్టు పట్టుకుని తనే నేలమాళిగలోకి దిగాడు. పైనుంచి కిందిదాకా దొర్లాడు. తుంటి ఎముక రెండు ముక్కలు. పొద్దున పాలవాడు మూలుగు విని తలుపు పగలగొట్టాడు. ఆస్పత్రిలో మెట్ల మీంచి పడ్డానని ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మడం లేదు. ఈ ఊళ్ళో ఆ మాట ఎవరు నమ్ముతారు?

నిన్న కానిస్టేబుల్ ఫెర్న్‌లీ మా ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, "నెల్లీ గారూ, మంగళవారం రాత్రి గోర్డన్ ఎక్కడున్నాడు? ఎర్నీని ఎవరో తోశారని ఊరంతా అంటోంది. విచారించాలి కదా, నా డ్యూటీ" అన్నాడు.

గోర్డన్ కొయ్యబారిపోయాడు.  అమ్మ మాత్రం అల్లిక పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది.

"రేమండ్, ముప్ఫై ఏళ్ళుగా నల్లబడ్డ కంటితో నీకు వీధిలో ఎదురవుతున్నాను. నువ్వు టోపీ ఎత్తి ఏమనేవాడివో గుర్తుందా?"

అతను నేల చూపులు చూశాడు.

"'మెట్లు చూసుకోండి, నెల్లీ గారూ' అనేవాడివి. ఒక్కనాడైనా ఎవరు తోశారని అడిగావా?"

ఆ మాట ఊళ్ళో మొదట ఎవరిదో నీకు ఇప్పుడు తెలిసింది. నేను కూడా నీ ఒక్కడి మీదే విరుచుకుపడ్డాను.

"గోర్డన్ మంచంలో ఉన్నాడు. ఆ మనిషి పడ్డాడు. ఆయన ఒక్కడే నిజంగా పడ్డాడు, రాసుకో" అంది అమ్మ. చేరదీసి చూసుకోమని ఆస్పత్రి నుంచి ఆయన కబురు పంపాడట, అది కూడా చెప్పాడు ఫెర్న్‌లీ. అమ్మ మళ్ళీ అల్లిక అందుకుంది.

చాలాసేపు నిలబడ్డాడు పాపం, బయట మంచు కురుస్తోంది. పొయ్యి మీద కెటిల్ మరుగుతూనే ఉంది. అమ్మ అతన్ని కూర్చోమనలేదు. టీ కూడా ఇవ్వలేదు.

నీ అక్క,
ఎనిడ్